డార్మిటరీ ఎదురిల్లు

మా కోటేశ్వరి వదినను ఎవరైనా "పాపం" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. సింగపూర్‌లో మా తెలుగువాళ్ళకు ఆ మాట బాగా అలవాటు. "మీ అన్నయ్య మహీధర్ బ్యాంకులో సాఫ్ట్‌వేరు కదా, మరి ఆవిడ ఫ్యాక్టరీలో చేస్తుందట, పాపం!" అంటారు. పుట్టినరోజు పార్టీల్లో ప్లేటు చేత్తో పట్టుకుని నా ముందే అంటారు. నేను ఆమె ఆడపడుచును కాబట్టి లోపల్లోపల సంతోషిస్తానని వాళ్ళ ఊహ కాబోలు. వాళ్ళ ఊహ తగలెయ్య!

వదిన పనిచేసేది ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో. సర్క్యూట్ బోర్డులను భూతద్దం కింద పెట్టి, ఎక్కడ టంకం సరిగ్గా పడలేదో, ఎక్కడ సన్నటి తీగ వంగిపోయిందో చూసి పక్కన పెట్టే ఉద్యోగం. నరసరావుపేటలో పాలిటెక్నిక్ చదివింది. కోటప్పకొండకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. అన్నయ్య వెంట ఇక్కడికొచ్చి ఏడాది ఇంట్లో కూర్చుని, "నాకు పిచ్చెక్కుతంది, ఏదో ఒక పని చేస్తా" అని తనే పేపర్లో ప్రకటన చూసుకుని వెళ్ళి ఉద్యోగం తెచ్చుకుంది. ఆ పనిలో పడ్డాక ఆమెకు ఒక అలవాటు వచ్చింది. ఏ వస్తువునైనా, ఏ కాగితాన్నైనా ముందు వెనక్కి తిప్పి చూస్తుంది. మార్కెట్‌లో కాకరకాయనైనా అంతే. నేను విసుక్కుంటే, "నీకు చూపించే వైపు ఎవడూ లోపం పెట్టడు పిల్లా" అంటుంది.

నేను యూనివర్సిటీలో పరిశోధన కోసం వచ్చి వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. అది రెండువేల ఏడు. బ్యాంకులన్నీ ఎగబడి సాఫ్ట్‌వేరువాళ్ళను తెచ్చుకుంటున్న రోజులు. వారానికో తెలుగు కుటుంబం దిగేది. దిగిన ప్రతి కుటుంబానికీ అద్దె ఇల్లు కావాలి. ఆరేళ్ళలో అన్నయ్యా వదినా ఐదిళ్ళు మారారు. ప్రతి ఇంటి ఓనరూ అగ్రిమెంటు చదివి వినిపిస్తూ ఒకచోట ఆగి, వదిన ముఖంలోకి చూసి, "లైట్ కుకింగ్ ఓన్లీ, ఓకే?" అనేవారు. అంటే పోపు పెట్టకూడదు. ఎండుమిరపకాయ వేగకూడదు. చేపల పులుసు మాట ఎత్తకూడదు. నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు. పల్నాటి మనిషికి ఇంతకంటే శిక్ష ఇంకోటుంటుందా!

అప్పుడు మేమున్నది చోవా చూ కాంగ్‌లో. ఆ ఇంటి ఓనరమ్మ మరీ ఘనురాలు. నెలకోసారి చెప్పాపెట్టకుండా వచ్చి, వంటింట్లో నిలబడి ముక్కు ఎగబీల్చి, పొయ్యి వెనక టైల్సును వేలితో రాసి చూసుకునేది. పప్పుకు పోపు పెట్టాలంటే వదిన తలుపు సందులో తడి తువ్వాలు కుక్కి, ఫ్యాను కిటికీకి తిప్పి, ఏదో దొంగతనం చేస్తున్నట్టు పెట్టేది. ఒకరోజు సరిగ్గా నూనెలో మిరపకాయ పడే వేళకు కాలింగ్ బెల్ మోగింది. వదిన ఉలిక్కిపడి పొయ్యి ఆర్పేసింది. తీరా చూస్తే కొరియర్ అబ్బాయి. ఆ పూట ఆమె అన్నం తినలేదు. "నా పిల్లకి నేను పప్పన్నం పెట్టుకోటానికి కూడా ఉలిక్కిపడాలంటనా?" అని ఏడ్చింది. అంత మొండి మనిషి ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. సొంతిల్లు కొని తీరాలని ఆ రోజు పట్టు పట్టింది.

నెల తిరక్కుండానే ఓనరమ్మ ఖాళీ చెయ్యమంది. అద్దె ఎక్కువిచ్చేవాళ్ళు దొరికారట. రెండు నెలల గడువు. అప్పటికి వాళ్ళకు పీఆర్, అంటే ఇక్కడే స్థిరంగా ఉండే అనుమతి, వచ్చేసింది కాబట్టి ఎవరైనా అమ్మే సర్కారు ఫ్లాటు కొనుక్కోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఇక్కడ ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్ళు ఎంతమంది ఉండవచ్చో కోటా ఉంది. వదినకు నచ్చిన ఫ్లాటు ఏది చెప్పినా ఏజెంటు ఫోన్ చేసి, "సారీ లా, ఇండియన్ కోటా ఫుల్" అనేవాడు, ఇక్కడివాళ్ళు ప్రతి మాటకూ తగిలించే "లా"తో సహా. ఎనిమిది ఇళ్ళు అలాగే చేజారిపోయాయి. తొమ్మిదోసారి అతనే ఉత్సాహంగా ఫోన్ చేశాడు. ఆంగ్ మో కియోలో, తొమ్మిదో అంతస్తులో, మూడు గదుల ఫ్లాటు. వదిన ఫ్యాక్టరీకి పది నిమిషాల నడక. కోటా ఖాళీగా ఉంది. ధర కూడా అందుబాటులో ఉంది.

అందరం కలిసి చూడ్డానికి వెళ్ళాం. అమ్మే ఆవిడ డెబ్బై ఏళ్ళ చైనీస్ ముసలమ్మ, మేడమ్ గోహ్. కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. ఏజెంటు గదులు చూపించాడు, బాత్రూమ్ చూపించాడు, వంటిల్లు చూపించాడు. వంటింటి కిటికీకి మాత్రం మందపాటి కర్టెన్ వేసి ఉంది. మిట్టమధ్యాహ్నం లైటు వేసి చూపిస్తున్నాడు మహానుభావుడు.

వదిన నవ్వింది. "ఆ కర్టెన్ తియ్యవయ్యా బాబూ. దాని వెనకాల ఏముందో నాకు తెలుసు. రోజూ ఆ గోడ పక్కనుంచే పోతాను పనికి" అని ఇంగ్లీషులో చెప్పింది.

ఏజెంటు ముఖం చిన్నబోయింది. మేడమ్ గోహ్ తనే వచ్చి కర్టెన్ లాగేసింది. రోడ్డుకు అవతల నాలుగంతస్తుల పాత ఫ్యాక్టరీ. ఏడాది క్రితం దాన్ని పనివాళ్ళ డార్మిటరీగా మార్చారు. వసారాల నిండా తాళ్ళు, తాళ్ళ నిండా తడి చొక్కాలు, నీలం పని బట్టలు. బాంగ్లాదేశ్, తమిళనాడు, మన ఆంధ్రా, చైనా, అన్ని చోట్లవాళ్ళూ ఉంటారు. తెల్లవారుజామున లారీలెక్కి భవనాలు కట్టే చోటికీ, తువాస్ షిప్‌యార్డులకూ పోతారు. చీకటిపడ్డాక తిరిగొస్తారు. అది వచ్చినప్పటినుంచీ ఆ బ్లాకులో ఇళ్ళు అమ్ముకునేవాళ్ళు ఎక్కువయ్యారు, కొనేవాళ్ళు తగ్గారు. కోటా ఖాళీగా ఉండటం, ధర అందుబాటులో ఉండటం అన్నీ దాని చలవే.

అన్నయ్య కిటికీలోంచి ఒకసారి చూసి వెనక్కి వచ్చేశాడు. వదిన పొయ్యి వెలిగించి చూసింది, కుళాయి తిప్పి చూసింది, తలుపులన్నీ వెనకవైపు చూసింది. వాళ్ళ ఆరేళ్ళ కూతురు అక్షర గదులన్నీ పరిగెత్తి వచ్చి, "మమ్మీ, దిస్ వన్ నో నీడ్ టు ఆస్క్ ఓనర్ ఆంటీ, రైట్?" అంది. ఆ మాటతో వదినకు ఇంకేం చూడబుద్ధి కాలేదు. అక్కడికక్కడే బయానా ఇచ్చేసింది. రెండు వారాల గడువు. చివరి రోజు శనివారం. సాయంత్రం నాలుగు లోపల మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సంతకాలు పెడితే ఇల్లు మాది. ఇద్దరిలో ఒక్కరు పెట్టకపోయినా ఇల్లు పోయినట్టే.

ఇక మొదలయ్యాయి ఫోన్లు. మనవాళ్ళకు ఈ ఒక్క విషయంలో ఉండే ఐకమత్యం ఇంకెందులోనూ కనపడదు. "ఎదురుగా లేబర్ ఉంటారండీ, ఆడపిల్ల ఉన్న ఇల్లు" అని ఒకరు. "రేపు అమ్ముకుందామంటే కొనేవాడుండడు" అని ఒకరు. అందరికంటే పైన రామారావు అంకుల్. ఈయన ఇరవై ఏళ్ళ కిందట కాకినాడ నుంచి వచ్చాడు. ఆ పక్క బ్లాకులోనే సొంత ఫ్లాటు. నెలకో ఆదివారం తెలుగు కుటుంబాలన్నిటినీ ఆ బ్లాకుల కింది ఖాళీ జాగాలో పోగుచేసి అందరిచేత తలా ఒక వంటకం తెప్పించి భోజనాలు పెట్టిస్తాడు. మంచి మనిషే, కాదనను. కానీ తను చెప్పిందే జరగాలి. అన్నయ్యకు మొదటి ఉద్యోగం చూపించింది ఆయనే కాబట్టి, ఆయన ముందు మా అన్నయ్య నోటికి "అవునండీ" తప్ప ఇంకో మాట రాదు.

నేనూ తక్కువ తినలేదు. "వదినా, సాయంత్రమైతే అంతమంది మగాళ్ళు రోడ్డు మీదికొస్తారు. అక్షరను కిందికి పంపగలమా?" అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, అన్నాను.

వదిన కోప్పడలేదు. "నాకూ అదే భయం లేదనుకున్నావా? ఉంది. ఉన్నప్పుడు పోయి చూడాల గానీ, ఇంట్లో కూర్చుని ఊహించుకుంటే ఎట్టా? పద" అంది.

ఆదివారం సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. డార్మిటరీ గేటు బయట బస్టాపు. అక్కడ పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. ఫోన్ కార్డులు గీకి నంబర్లు చదువుకుంటున్నవాళ్ళు, ఉల్లిపాయల సంచి మోసుకొస్తున్నవాళ్ళు. మమ్మల్ని చూడగానే అందరూ లేచి పక్కకు జరిగారు. బెంచీ మొత్తం ఖాళీ అయిపోయింది. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. ఒకతను ఫోన్‌లో "అమ్మకి సెప్పు, వచ్చే నెల్లో పంపుతాను" అంటుంటే విని వదిన పలకరించింది.

"ఏ ఊరయ్యా మీది?"

అతను గబుక్కున ఫోన్ పెట్టేశాడు. పేరు వీరాస్వామి. శ్రీకాకుళం దగ్గర పల్లె. వెల్డింగ్ పని. "మీరు తెలుగువోల్లా మేడం?" అని సంబరపడి, వెంటనే బెరుగ్గా గేటు వైపు చూశాడు.

"ఆ బ్లాకులో ఇల్లు కొందామనుకుంటన్నా. సాయంత్రాలు ఇక్కడ ఎట్టా ఉంటది? గొడవలేమన్నా ఉంటయ్యా? నాకు ఆడపిల్ల ఉంది, ఉన్నదున్నట్టు చెప్పు" అని వదిన మొహమాటం లేకుండా అడిగేసింది. నేను నాలుక కరుచుకున్నాను.

వీరాస్వామి మాత్రం నొచ్చుకోలేదు. ఉన్నదున్నట్టే చెప్పాడు. "తాగి అరుసుకోడాలు ఉంటాయి మేడం, జీతం రోజుల్లో. గేటు లోపలే. రోడ్డు దాటి మేం రాం. ఆ బిల్డింగుల కింద కూర్చున్నామనుకోండి, పైనుంచి ఫోటోలు తీసి కంపెనీకి పంపిత్తారు. మొన్న ఇద్దర్ని ఇంటికి పంపేసినారు. అప్పట్నుంచి సూపర్‌వైజరు గట్టిగా సెప్పేసినాడు, ఆ బ్లాకు నీడలోకి కూడా ఎల్లకూడదని. మాకే మీరంటే బయం మేడం."

చోవా చూ కాంగ్‌లో రైలు దిగాక వదిన, "కొంటన్నాం" అంది. అంతే.

గడువుకు ముందురోజు, శుక్రవారం సాయంత్రం, రామారావు అంకుల్ సరోజిని ఆంటీని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. చంకలో ఒక ఫైలు. అన్నయ్య ఆయన్ను చూడగానే నీళ్ళ గ్లాసు అందించి సోఫా చివర కూర్చున్నాడు.

"అమ్మా కోటేశ్వరీ, నీ మంచి కోరి చెబుతున్నానమ్మా. బయానా పోతే పోయింది, వదిలేయండి" అని మొదలుపెట్టాడు అంకుల్. "లేదూ, కొనే తీరతానంటావా, దానికీ ఉపాయం ఉందండి. ఆ డార్మిటరీని అక్కడినించి లేపేయించాలని మా బ్లాకులవాళ్ళం పైవాళ్ళకి అర్జీ పెడుతున్నాం. నువ్వున్నావే, నువ్వు కొనబోయే బ్లాకులో మూడో అంతస్తు మిస్టర్ లిమ్, రిటైరైన మాస్టారు, ఆయనే రాశాడు. మన తెలుగువాళ్ళ చేత పన్నెండు సంతకాలు నేనే పెట్టించాను. నువ్వూ ఒక సంతకం పడేయి. వాళ్ళు పోతే నీ ఇంటి ధర అమాంతం పెరుగుద్ది."

సరోజిని ఆంటీ అందుకుంది. "మనం చదువుకున్నవాళ్ళం, ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళం. వాళ్ళేమో లేబర్. పక్కపక్కన ఎలా ఉంటామమ్మా?"

"నేనూ ఫ్యాక్టరీలోనే చేస్తానాంటీ" అంది వదిన.

"అబ్బే, నిన్ను అనట్లేదమ్మా!" అని ఆంటీ చీర కొంగు సర్దుకుంది.

అంకుల్ ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. పై కాగితం మా అందరికీ చదివి వినిపించాడు. మా ప్రాంతం ప్రశాంతతకు భంగం, పిల్లల భద్రత, పరిశుభ్రత, ఇలా చక్కని ఇంగ్లీషులో ఉంది. వదిన ఫైలు తనవైపు లాక్కుని, పై కాగితం వదిలేసి, చివరినుంచి తిప్పడం మొదలుపెట్టింది.

చివరి కాగితం మీద ఒక ఫోటో అతికించి ఉంది. వదిన దాన్ని లైటు కింద పట్టుకుంది. తర్వాత దాని ముందు కాగితం చదివింది.

"అంకుల్, ఈ లోపలి పేజీ మీరు చదివారా?"

"మొత్తం మిస్టర్ లిమ్ చూసుకున్నాడమ్మా. మాస్టారు కదా, బాగా రాస్తాడు."

"అయితే నేను చదువుతా, వినండి" అని వదిన ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. "నెలకో ఆదివారం నాలుగు గంటలకు ఇండియా పనివాళ్ళు మా బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో గుంపుగా చేరుతున్నారు. నేల మీద కూర్చుని చేతులతో తింటున్నారు. గట్టిగట్టిగా అరుచుకుంటున్నారు. వాళ్ళ తిండి వాసన ఐదో అంతస్తు దాకా వస్తోంది. పిల్లలను వదిలేస్తున్నారు, వాళ్ళు మా పూలకుండీలు తన్నేస్తున్నారు. సాక్ష్యానికి ఫోటో జతచేయడమైనది."

అంకుల్ తలాడించాడు. "చూశావా మరి? నే చెప్పలా! ఎంత అన్యాయంగా—"

"అంకుల్, డార్మిటరీవాళ్ళు రోడ్డు దాటి ఆ బ్లాకు కిందకి రారు. రాకూడదని వాళ్ళకి ఆర్డరు. వాళ్ళకి పిల్లలెక్కడున్నారు ఇక్కడ? నెలకో ఆదివారం, నాలుగింటికి, ఆ వాయిడ్ డెక్‌లో కూర్చుని తినేది ఎవరు?"

వదిన ఫోటో ఆయన ముందుకు తోసింది. పైనుంచి తీసిన ఫోటో. ఎవరి ముఖాలూ కనపడవు, తలలూ వీపులూ కనపడతాయి. బట్టల చాపలు, స్టీలు క్యారియర్లు, పేపరు ప్లేట్లు. మధ్యలో లాల్చీ వేసుకున్న ఒక బట్టతలాయన నిలబడి గరిటెతో వడ్డిస్తున్నాడు.

"ఆ గరిటె మీది కాదా అంకుల్? పులిహోర వడ్డించింది మీరు కాదా? ఈ పక్కన ఎర్రచీర నేను. మీ మీద మీరే అర్జీ పెట్టుకున్నారు. పన్నెండుమంది చేత సంతకాలు కూడా పెట్టించారు!"

నాకు నవ్వు ఆగలేదు. పకపకా నవ్వాను. నవ్వుతూనే ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడుండి, మెడలో బ్యాంకు ఐడీ కార్డు వేలాడేసుకుని తిరిగే మనిషిని పైనుంచి చూసినవాడికి, లేబరుకీ ఆయనకీ తేడా తెలియలేదు. ఈయనేమో ఆ తేడా నిలబెట్టుకోవడానికి ఫైలు చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు!

అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పొరపాటు పడ్డాడు పాపం లిమ్. ఈ పేరా దిద్దించేస్తాలే. ఇండియన్స్ అని కాకుండా సరిగ్గా రాయిస్తాను" అన్నాడు.

"ఏమని రాయిస్తారు? మెడలో కార్డున్న ఇండియన్లు వేరు, లేనివాళ్ళు వేరు అనా?" వదిన గొంతు పెరిగింది. "ఆరేళ్ళ నుంచి అద్దింట్లో పోపు పెట్టుకోటానికి భయపడి చస్తన్నా నేను. మీ వాసన, మీ వాసన అని ప్రతి ఓనరమ్మ చేతా అనిపించుకుంటన్నా. ఇప్పుడు నేనే ఇంకొకళ్ళని మీ వాసన మాకొద్దు, మీ మొహం మాకొద్దు అని సంతకం పెట్టాలా? ఛస్తే పెట్టను. మీరు అరిచి గీపెట్టినా ఆ ఇల్లే కొంటా. ధర పడిపోతే పడిపోనియ్యండి. నేను కొనేది ఉండటానికి, అమ్ముకోటానికి కాదు."

ఆమె అంతటితో ఫైలు మూసేసి ఉంటే కథ వేరే. మూయలేదు. మధ్యలో సంతకాల కాగితం మిగిలి ఉంది కదా. దాన్ని కూడా తిప్పింది. వేలు ఒక్కో పేరు మీదుగా కిందికి జారి, పన్నెండో పేరు దగ్గర ఆగిపోయింది. అక్కడ అన్నయ్య సంతకం ఉంది. పక్కనే తను కొనబోయే ఇంటి నంబరు కూడా రాశాడు.

అన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. అంకుల్, ఆంటీ లేచి నిలబడ్డారు. వదిన ఫైలు అంకుల్‌కు తిరిగి ఇచ్చి, తలుపు తీసి, "వెళ్ళిరండి అంకుల్" అంది మామూలుగా. వాళ్ళు వెళ్ళాక అంకుల్ తాగిన గ్లాసు తీసుకెళ్ళి కడగసాగింది. తిట్టినా బాగుండేది. అన్నయ్యే మొదలుపెట్టాడు.

"సోమవారం ట్రైన్‌లో కలిశాడు కోటీ. పెట్టమన్నాడు, పెట్టాను. చదవలేదు. ఆయన మాట కాదనలేక..."

"చదివితే పెట్టేవాడివి కాదా?"

అన్నయ్య నిజం చెప్పాడు. "పెట్టేవాణ్ణేమో. వాళ్ళతో కలిపి చూస్తారని భయమేసింది నాకు. ఆఫీసులో ఎక్కడుంటావని అడిగితే ఆ డార్మిటరీ ఎదురుగా అని చెప్పాలంటే సిగ్గేసింది."

వదిన వచ్చి ఆయనకు ఎదురుగా కూర్చుంది. "సరే విను. రేపు ఆ ఇంటి కాగితం మీద నా పేరు పక్కన నీ పేరు ఉండాల. కానీ ఈ అర్జీ మీద నీ పేరున్నంతకాలం అక్కడ ఉండనియ్యను. నువ్వే పోయి కొట్టేయించుకో. నేను చెప్పను, నీ చెల్లెలు స్పందన చెప్పదు. నువ్వే చెప్పాల. చెప్పలేకపోతే నాలుగు దాటనియ్యి. ఇల్లు పోనియ్యి. ఇంకో ఓనరమ్మని వెతుక్కుందాం" అంది.

ఇల్లు పోతే ఎక్కువ బాధపడేది ఆమే. అది అన్నయ్యకూ తెలుసు, నాకూ తెలుసు. వదినను మందలించబోయి ఆగిపోయాను. ఆమె స్థానంలో నేనున్నా ఆ మాటే అనేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు నలుగురం ఆ బ్లాకుకు చేరాం. మేడమ్ గోహ్, ఏజెంటు పైన తొమ్మిదో అంతస్తులో కాగితాలతో కూర్చుని ఉన్నారు. అన్నయ్య దారంతా చొక్కా గుండీలు సర్దుకుంటూనే ఉన్నాడు. లిఫ్టులో వేలు తొమ్మిది మీదికి పోయింది, వెనక్కి తీసుకుని మూడు నొక్కాడు. వదిన పైకి చూస్తూ నిలబడింది.

మిస్టర్ లిమ్ బనీనుతో తలుపు తీశాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. రామారావు అంకుల్ పొద్దున్నే ఆ ఫైలు తెచ్చి ఇచ్చేశాడట, బల్ల మీదే ఉంది. అన్నయ్య నెమ్మదిగా ఇంగ్లీషులో, తన పేరు ఆ అర్జీలోంచి తీసేయాలని చెప్పాడు.

"ఎందుకు? ఇల్లు కొనట్లేదా?"

"కొంటున్నాం. ఈ ఫోటోలో ఉన్నవాళ్ళు డార్మిటరీవాళ్ళు కాదు అంకుల్. ప్లేటు పట్టుకున్న ఈ నీలం చొక్కా నేను. ఇది నా భార్య. ఆ పరిగెత్తే పిల్ల మా పాప."

"దట్ వన్ మై ఫ్రాక్!" అని అక్షర కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

లిమ్ కళ్ళజోడు పెట్టుకుని ఫోటోను, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో నిజంగానే నొచ్చుకోలు కనిపించింది. "అయ్యో, సారీ సారీ. నాకు తెలియలేదు. మీరు ఆఫీసువాళ్ళు కదా? ఐటీ? అయితే ఇది మీ గురించి కాదు లా. మీరు ఏమీ అనుకోకండి. ఈ ఫోటో తీసేస్తా, ఇంకోటి పెడతా. మీ సంతకం ఉండనివ్వండి. మీరు వేరు, వాళ్ళు వేరు" అన్నాడు.

ఆ మాటే కదా అన్నయ్య ఆరేళ్ళుగా వినాలనుకుంటున్నది. అప్పనంగా దొరికింది. తలూపితే చాలు, ఎవరికీ చెడ్డ కాకుండా బయటపడతాడు. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

అన్నయ్య ఎప్పటిలాగే "యెస్, యెస్" అని మొదలుపెట్టాడు. అంతలోనే ఆగాడు. చెమట తుడుచుకున్నాడు. "నో, అంకుల్. నా పాస్‌పోర్టు కూడా అదే. నేనూ పని కోసమే వచ్చాను. ఉద్యోగం పోయి, పీఆర్ పొడిగించకపోతే వాళ్ళలాగే పెట్టె సర్దుకుంటాను. మీకు పైనుంచి తేడా కనపడలేదంటే అసలు తేడా లేదు కాబట్టి. పెన్ను ఇస్తారా?" అన్నాడు. ప్రతి మాటా పూర్తిగా చెప్పాడు.

లిమ్ పెన్ను ఇచ్చాడు. అన్నయ్య పన్నెండో పేరును అడ్డంగా ఒకసారి కొట్టేసి, చాలదనుకున్నాడో ఏమో, మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. కాగితం చిరిగింది.

అప్పుడు మాట్లాడింది వదిన. "మిస్టర్ లిమ్, వచ్చే నెల నుంచి మేం మీ బ్లాకులోనే ఉంటాం. ఆదివారం నాలుగింటికి కిందే కూర్చుంటాం. చేత్తోనే తింటాం. మా పిల్ల మీ పూలకుండీ తంతే వచ్చి నాకు చెప్పండి, నాలుగు తగిలిస్తా. ఫోటో కావాలంటే మాత్రం కిందికి వచ్చి, ఎదురుగా నిలబడి తీయండి. మొహాలు కనపడాల."

ఆయన బదులు చెప్పేలోపే అక్షర చెయ్యి పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది. పైకి వెళ్ళేసరికి నాలుగింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. ఏజెంటు అలవాటు కొద్దీ మళ్ళీ వంటింటి కర్టెన్ మూసి, కాగితాలు పరిచి కూర్చున్నాడు. అన్నయ్య వెళ్ళి కర్టెన్ పూర్తిగా లాగేసి వచ్చి కూర్చున్నాడు. వదినకంటే ముందు తనే సంతకం పెట్టాడు.